కాలం ఒక్కటే బాగుచేయదు



జనగామ వైపు తాళ్లున్న ఊళ్లలో తెల్లవారి దించిన కల్లు పొద్దుగూకేసరికి పులిసిపోతుంది. భూపాలపల్లి అడవుల్లో ఇప్పపువ్వును ఎండబెట్టి దాచుకుంటారు. మన విచారణల్లో కొన్ని ఇళ్లలో క్రీస్తు జయంతి కోసమని ద్రాక్షపండ్లు జాడీలో పోసి, మూతికి గుడ్డ కట్టి, మూలన పెడతారు. లైసెన్సు లేకుండా అలా చేయడానికి ఆబ్కారీ చట్టం ఒప్పుకోదు. అది ముందుగా తెలుసుకోవలసిన మాట. నా ప్రశ్న వేరు. "ఎంత పాతదైతే అంత మంచిది" అంటారు కదా, అది నిజమేనా?

1866లో ఫ్రాన్సు శాస్త్రజ్ఞుడు లూయీ పాశ్చర్ ద్రాక్షారసం మీద ఒక గ్రంథం ప్రచురించాడు. కొద్దిపాటి గాలి సోకితే రసం పరిపక్వమవుతుందనీ, దాన్ని చెడగొట్టేవి సూక్ష్మజీవులనీ చూపించాడు. అందుకే మడ్డి తీసేసి, శుభ్రమైన సీసాలో మెడవరకు నింపి, బిరడా బిగించి, చల్లని చీకటిచోట పడుకోబెడతారు. బిరడా వదులైతే అదే రసం సిర్కాగా మారుతుంది. 40 డిగ్రీలు దాటే మన ఎండాకాలంలో రేకుల ఇంట్లో ఉంచితే రుచి పోతుంది. దివ్యబలిపూజకు వాడే రసం ద్రాక్షపండ్లదై ఉండాలనీ, చెడిపోయినది కాకూడదనీ 1983 నాటి తిరుసభ చట్టం 924వ సూత్రం చెబుతుంది. ఎన్నేళ్లు దాచారని అది అడగదు.

కాలమంటే చలనానికి కొలత అన్నాడు అరిస్టాటిలు. కొలబద్ద బట్టను కొలుస్తుంది గాని కుట్టదు. మంచి చేసినా చెడు చేసినా, కాలంలో మనం చేసే పనే చేస్తుంది.

సెమినరీలో ఇది చదువుకున్న నేను కూడా ఒకసారి మరచిపోయాను. ఒక తల్లి నా దగ్గరకు వచ్చింది. ఆమె కొడుకు పాస్కా పండుగనాడు త్రాగుడు మానాడు. ఇంట్లో అంతకుముందే పెట్టిన జాడీ ఉంది. "తాళం వేసి ఉంచమ్మా, క్రీస్తు జయంతికి ఎనిమిది నెలలవుతుంది, అప్పటికి వాడే గట్టిపడతాడు" అన్నాను. ఆమె నావైపు చూసి, "జాడీకి తాళమేస్త ఫాదర్, వాసనకెట్ల ఎయ్యాలె?" అంది. నాకు జవాబు దొరకలేదు. మనం చేయవలసిన పనిని నేను కాలానికి అప్పగించాను.

ఇంటికి వెళ్లి ఆమె జాడీ పారబోసింది. "ఒక్కడి బలహీనతకు అందరికీ శిక్షా?" అని మిగతా పిల్లలు సణిగారట. న్యాయమైన ప్రశ్నే. ద్రాక్షారసం చెడ్డది కాదు. కానా పెండ్లిలో ప్రభువే దాన్ని ఇచ్చాడు. కాని సహోదరుడు తొట్రుపడేటట్లయితే దాన్ని మానడమే మేలని పునీత పౌలు రోమీయులకు రాశాడు (14వ అధ్యాయం). అది శిక్ష కాదు, ప్రేమ కోసం మన హక్కును మనమే పక్కన పెట్టడం. ఆ కొడుకు చుట్టూ బిగించవలసిన బిరడా ఇంటివాళ్ల తోడే. సాయంత్రాలు వాడితో కూర్చోవాలి, పనికి పంపాలి, అవసరమైతే డాక్టరు దగ్గరకు తీసుకెళ్లాలి. అవి లేకుండా గడిచిన ఎనిమిది నెలలు ఎనిమిది నెలలే, స్వస్థత కాదు.

ప్రతి ఇల్లూ జాడీ పారబోయాలని నేను చెప్పడం లేదు. ఈ ఆగమన కాలంలో మీ ఇంటి మూలన దాచినదాన్ని ఒకసారి చూడండి. అది రసం కావచ్చు, అన్నదమ్ముల మధ్య పాత కోపం కావచ్చు. దాన్ని దాచినందుకు మీ ఇంట్లో ఎవరు మూల్యం చెల్లిస్తున్నారు? జవాబులో ఒక పేరు వస్తే, పండుగదాకా ఆగకండి.