బాట యెవరిది?

ఊరు పెరిగినకొలఁది బాటలును పెరుగవలెననుట యందఱు నొప్పుకొను మాటయే. కాని యే బాట ముందు వేయవలెను, దానికి సొమ్మెవ్వరియ్యవలెను అను విచారణ ఇంజనీర్లకును అధికారులకును జెందినదని తలంచి గృహస్థులు ఊరకుందురు. మేమట్లు తలంపము. అందఱి సొమ్ముతో వేసిన బాట కొందఱికి మాత్రమే యైశ్వర్యము కూర్చి, తక్కినవారికి నడకనైనను సుకరము చేయకున్నచో, అది ధర్మవిచారణకు లోఁబడవలసిన విషయము.

హైదరాబాదును జూడుఁడు. 2007లో 12 పురపాలకసంఘములును 8 గ్రామపంచాయతులును నగరపాలకసంస్థలోఁ గలసినవి. శివారులు ఒక్కనాఁటితో నగరమైనవి. కాని పటముమీఁద గీఁత గీచినంత శీఘ్రముగా నేలమీఁద బాట రాదు. 2017 నవంబరున మొదలైన మెట్రోరైలు 2020 ఫిబ్రవరి నాఁటికి మూఁడు మార్గములలో సుమారు 69 కిలోమీటర్లు సాగెను. జనము క్రిక్కిఱిసిన పాతబస్తీమీఁదుగా ఫలక్‌నుమాకు పోవలసిన అయిదాఱు కిలోమీటర్ల భాగము మాత్రము అప్పటికిని నిలిచిపోయెను. నగరముచుట్టును 158 కిలోమీటర్ల అవుటరు రింగురోడ్డు వెలసెను. దాని ప్రధానమార్గమున కాలినడకవారికిని ద్విచక్రవాహనములకును ప్రవేశము లేదు. వేగముగాఁ బోవు బండ్ల నడుమ ఈ నిషేధము ప్రాణరక్షణకై యవసరమే. దానిని మేము తప్పుపట్టము. కాని స్కూటరువాఁడు చెల్లించిన పన్నును ప్రభుత్వధనమే కదా! వానికొఱకు వేసిన దారిని అంతటి శ్రద్ధతో వేసితిమా?

మన పూర్వులు ఈ ప్రశ్నను మఱవలేదు. కౌటిల్యుఁడు అర్థశాస్త్రమున రథములదారికి అయిదు అరత్నులును, పశువులదారికి నాలుగును, చిన్నపశువులకును మనుష్యులకును రెండును వెడల్పు విధించెను. రథమునకు వెడల్పెక్కువ యుండుట సహజము. కాని నడచువానికిని ఒక దారి విధిగా నుండవలెననుటయే యందలి రాజధర్మము.

ఇఁక సొమ్ము సంగతి. “ప్రయాణము చేయువాఁడే వెల చెల్లింపనిమ్ము” అని కొందఱందురు. టిక్కెట్టునకును టోలునకును ఇది కొంతవఱకు న్యాయమే. అయితే బాటవలన మిక్కిలి లాభించువాఁడు ఆ బాటపై నడచువాఁడేనా? రోడ్డు వచ్చునన్న వార్త పుట్టఁగానే బీడుభూమి వెల పెరుగును. భూస్వామి గడ్డపార పట్టలేదు, బండి యెక్కలేదు, అయినను ధనికుఁడయ్యెను. ఇట్టి పెరుగుదల సంఘము కల్పించినది గావున సంఘమునకే చెందవలెనని హెన్రీ జార్జి 1879లో వాదించెను. హాంగ్‌కాంగునందు రైలుసంస్థ స్టేషనులమీఁదను చుట్టుప్రక్కలను భవనములు లేపి యా లాభముతో మార్గములు వేసినది. కావున నిది పుస్తకములలో మాత్రమే నిలిచిన వాదము గాదు.

దీనికొక ఆక్షేపణ కలదు. చిన్నయిల్లు కట్టుకొని కాపురమున్న గుమాస్తాకు ఇంటివెల పెరిగినను చేతికి కాసు రాదు. వానిపై భారము మోపినచో బాటయే వానిని వెడలఁగొట్టును. ఈ యాక్షేపణ సత్యమే. కావున పన్ను వాని గడపమీఁదఁ గాక, అమ్మకమునకై విభజించిన ప్లాట్లమీఁదను, వెల పెరుగుటకై పాడుపెట్టిన భూమిమీఁదను పడవలెను. లే-అవుటులకు రుసుములు ఇప్పుడును లేకపోలేదు. అయితే ఆ రుసుము ఏ బాటకు, ఏ బస్సుకు వ్యయమగునో కొనువానికి ముందే తెలియవలెను. మొదటి యిల్లు లేచుటకు ముందే దారి సిద్ధము కావలెను. ఇండ్లు నిండినపిమ్మట దారి వెడల్పు చేయఁబూనినచో గోడలు కూల్చవలసివచ్చును. ఆ కూలు గోడలు తఱచుగా నిఱుపేదలవే.

ప్రభుత్వమును నిందించుట సులభము. ప్లాటు కొనునప్పుడు గేటు ముందరి రోడ్డు ముప్పది యడుగులా, నలువది యడుగులా యని మనమందఱము అడుగుదుము. మన పాత్రలు తోమఁబోవు స్త్రీ యేదారిని వచ్చును, చీఁకటిపడిన పిమ్మట నేబస్సున నిలుసేరును అని యడుగువారెందఱు? కొనువారు అడుగని ప్రశ్నను ప్రణాళిక వ్రాయువారును అడుగరు. ఆ ప్రశ్న ముందు మన యింటనే పుట్టవలెను.