తప్పెవరిదని అడుగుట

నేనెరిగిన ఒక ఇంట నాలుగేండ్ల పిల్లవాడుండెను. పేరు పెట్టి పిలిచినను తల త్రిప్పడు. మిక్సీ తిరిగిన చెవులు మూసికొని మూలకు పరుగెత్తును. బొమ్మకారును నేలమీద నడుపక, దానిని తలక్రిందులు చేసి చక్రమును వ్రేలితో గంటసేపు త్రిప్పుచుండును. "మగపిల్లలకు మాటలు ఆలస్యమేనే, వీళ్ళ నాన్నకూ ఐదేళ్ళదాకా రాలేదు" అని నాయనమ్మ ధైర్యము చెప్పుచు వచ్చెను. అంగన్‌వాడీ టీచరు మాత్రము ఒక్కసారి పట్నములో చూపించుడని బ్రతిమాలెను. వైద్యులు పరీక్షించి, ఇది ఆటిజము అని చెప్పిరి. ఆ రాత్రి ఆ యింట ఎవరును సరిగా అన్నము తినలేదు. తెల్లవారిన తరువాత నాయనమ్మ కోడలిని అడిగిన మొదటి మాట, బిడ్డకిప్పుడు ఏమి చేయవలెననునది కాదు. "కడుపుతో ఉన్నప్పుడు గ్రహణం చూశావా?" అనునది.

ఆమెను నేను నిందింపను. ఆ పిల్లవానికి ముద్దలు తినిపించుచు వీధివెంట నడిచినది ఆమెయే. అయితే ఆ ప్రశ్న ఇంటిలో నాటుకొనెను. కోడలు జవాబు చెప్పలేదు గాని, నాటినుండి రాత్రులు తనలో తాను వెదకుకొనుచుండెను. ఫోను చేతికిచ్చినందుననా? ఉద్యోగమునకు వెళ్లినందుననా? మేనరికము వలననా? వేయించిన టీకా వలననా?

చదువులేని ఇండ్లలోనే ఇట్టి ప్రశ్న పుట్టునని తలంపవద్దు. 1943లో అమెరికాలోని బాల్టిమోరు పట్టణమునందు లియో కానర్ అను వైద్యుడు 11 మంది పిల్లలను గూర్చి వ్రాసి, ఈ స్థితికి ఆటిజము అను పేరును స్థిరపరచెను. ఇది పుట్టుకతోనే వచ్చునట్లున్నదని ఆయనే వ్రాసెను. అయినను ఆ పిల్లల తల్లిదండ్రులలో వెచ్చని మనస్సు గలవారు తక్కువ అనియు ఒక మాట చేర్చెను. లోకము మొదటి మాటను విడిచి రెండవ మాటను పట్టుకొనెను. 1967లో షికాగోలోని బ్రూనో బెటిల్‌హైమ్ అను పండితుడు ఆ తలంపుతో ఒక పెద్ద గ్రంథమే ప్రకటించెను. తల్లి ప్రేమ చల్లబడుటచేత బిడ్డ తనలోనికి ముడుచుకొనిపోవునని ఎందరో తల్లులు నమ్మింపబడిరి. దీనికి ముందే, 1964లో, బెర్నార్డ్ రిమ్లాండ్ అను మనస్తత్వ శాస్త్రజ్ఞుడు, తానును అట్టి కుమారుని తండ్రియే గనుక, పట్టుబట్టి చదివి, ఇది పెంపకపు లోపము కాదు, మెదడు ఏర్పడిన తీరు అని పుస్తకము వ్రాసెను. 1977లో ఇంగ్లాండులో కవలలను పరిశీలించినప్పుడు, ఒకే పోలికగల 11 జంటలలో 4 జంటలందు ఇద్దరికిని ఆటిజముండెను. వేరు పోలికగల 10 జంటలలో ఒక్కదానియందైనను అట్లు లేదు. రెండు విధముల కవలలును తమ తల్లుల చేతిలోనే పెరిగిరి గదా!

కానర్ తుదకు 1969లో తల్లిదండ్రుల సభయెదుట నిలిచి, మీరు నిర్దోషులని చెప్పెను. మంచిదే. కాని 26 సంవత్సరములు గడచిపోయెను. ఆ మొదటి పిల్లల తల్లుల తలలు అప్పటికి నెరసియుండును.

టీకా సంగతియు ఇట్టిదే. 1998లో ఒక వైద్యుడు 12 మంది పిల్లలను చూపి, తట్టమ్మ మొదలైనవాటికి వేయు టీకాను ఆటిజముతో ముడిపెట్టెను. 2002లో డెన్మార్కు దేశమున 5 లక్షలకు పైబడిన పిల్లల లెక్కలు చూడగా, టీకా వేసికొన్నవారికిని వేసికొననివారికిని భేదము కనబడలేదు. 2010లో ఆ పత్రిక ఆ వ్యాసమును ఉపసంహరించుకొనెను. ఆ వైద్యుని పేరు వైద్యుల పట్టికనుండి కొట్టివేయబడెను. అయినను ఆ భయము మన వీధులలో ఇంకను తిరుగుచునే యున్నది. భయపడిన తల్లి యెవరేమి చెప్పినను కొనును. నూనెలనియు, మూలకణముల సూదులనియు లక్షలు గుంజువారు ఆమె నేరభావముమీదనే వ్యాపారము చేయుచున్నారు.

ఇన్ని రుజువులు వచ్చినను మనమెందుకు ఇంకను తప్పెవరిదని అడుగుచున్నాము? నేను చాల దినములు దీనిని ఆలోచించితిని. తప్పు ఎవరిదో తేలినయెడల మోత ఎవరిదో తేలును. తల్లిదైనచో తల్లియే మోయవలెను. అప్పుడు తండ్రి నిశ్చింతగా పనికి పోవచ్చును. మేనత్త, "పెళ్లికి నువ్వొక్కదానివే రామ్మా, వాడితో నీకెందుకు శ్రమ" అనవచ్చును. బడివారు తలుపు దగ్గరకు వేయవచ్చును. పుట్టు గ్రుడ్డివానిని చూచి శిష్యులు అడిగినదియు ఈ ప్రశ్నయే. వారికి దొరకిన జవాబులో ఎవరి వైపునకును వ్రేలు చూపబడలేదు, చేయవలసిన పని మాత్రము చూపబడెను. ఆ వాక్యమును కంఠతా వచ్చినవారమే వాకిట నిలిచి ఇది ఎవరి వైపునుండి వచ్చినదని విచారించుచున్నాము!

సికింద్రాబాదులో మానసిక వికలాంగుల కొరకు 1984లో స్థాపింపబడిన జాతీయ సంస్థవారు మన దేశపు పిల్లల కొరకు ఒక కొలత తయారుచేసిరి. అందులో 40 అంశములున్నవి. పిల్లవాడు కన్నులలోనికి చూచునా, మాట యెట్లున్నది, ఆటయెట్లున్నది, శబ్దమును స్పర్శను ఎట్లు ఓర్చును అని వరుసగా అడుగును. గర్భవతిగా నుండగా తల్లి యేమి చూచెనని ఒక్కచోటనైనను అడుగదు. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టమును చూడుడు. అందు చెప్పబడిన 21 వైకల్యములలో ఆటిజమొకటి. ప్రభుత్వపు సొమ్ము గాని గుర్తింపు గాని పొందిన ప్రతి బడియు భేదము చూపక చేర్చుకొనవలెను. నూటికి 40 పాళ్లకు తక్కువ కాని వైకల్యమున్నదని సర్టిఫికెట్టు పొందిన పిల్లలకు 6 మొదలు 18 ఏండ్లవరకు ఉచితముగా చదువు చెప్పవలెను. ఇది ధర్మము చేయుట కాదు, బాకీ తీర్చుట. బాకీదారుడు ఋణదాత వంశచరిత్రను అడుగుట లోకములో ఎక్కడను లేదు.

అయితే బడివారి కష్టమును కూడ న్యాయముగా చెప్పవలెను. ఆ పిల్లవానిని చేర్పించబోగా హెడ్మాస్టరుగారు, "నలభైమందికి ఒక్క పంతులమ్మ, ఏం చేయమంటారు చెప్పండి" అనెను. అది సాకు కాదు, నిజమే. తల్లి మీదినుండి దించిన మోతను పంతులమ్మ ఒక్కతె మీద పెట్టిన, అదియు అన్యాయమే. అందుచేతనే 2021లో సుప్రీంకోర్టు, ఇట్టి పిల్లలు ఎంతమందికి ఒక ప్రత్యేక ఉపాధ్యాయుడుండవలెనో లెక్క నిర్ణయింపవలెనని చెప్పెను. తీర్పు వేరు, టీచరు బడికి వచ్చుట వేరు. మండలములలో భవిత కేంద్రములున్నవి. అక్కడికి వెళ్లి అడిగిన తల్లిదండ్రులకు కొంత సహాయము దొరకుచున్నది, అడుగనివారికి దొరకుట లేదు.

ఆ పిల్లవానికి కావలసినవి చాలవరకు చిన్నవి. దినములో ఏది తరువాత ఏది వచ్చునో బొమ్మల వరుసగా గోడకు అంటించుట. గంటకు దూరముగా కూర్చుండబెట్టుట. అరుపు రాకమునుపే ఐదు నిమిషములు వెలుపలికి పోనిచ్చుట. ఇది పక్షపాతము కాదా అని ఒక తండ్రి నన్నడిగెను. పొట్టి పిల్లవానిని ముందు బల్లమీద కూర్చుండబెట్టినప్పుడు పొడుగువాని తండ్రి వచ్చి తగవు పెట్టుట నేనెన్నడును చూడలేదంటిని.

అన్నిటికంటె కఠినమైన ప్రశ్న ఇంటిలోనిదే. ఆ పిల్లవానికి ఒక అక్క యున్నది, డిగ్రీ చదువుచున్నది. సదరం శిబిరమునకు పోయి సర్టిఫికెట్టు తీసికొనుటకు తండ్రికి కాళ్లు రాలేదు. "ఊరంతా తెలిస్తే పెద్దదానికి సంబంధం వస్తుందా అండీ? బళ్ళో చెప్పకుండా చేర్చితే పాపమా?" అని నన్నడిగెను. వెంటనే అబద్ధికుడవని ఆయనతో అనుటకు నాకు నోరు రాలేదు. ఆయనకు ఆ భయము పెట్టినవారము మనమే. సంబంధము చూడబోయి, ఇంటిలో ఎవరికైన ఏమైన ఉన్నదా అని మెల్లగా విచారించువారము మనమే. కాని దాచినదానికి వెల కట్టువాడు పిల్లవాడు. సంగతి తెలియని పంతులమ్మకు వాడు మొండివాడు. మొండివానికి మన బడులలో ఏమి దొరకునో మీకు తెలియును. కూతురి మేలు కొరకు కుమారుని దెబ్బలను తాకట్టుపెట్టుటకు తండ్రికి అధికారమున్నదా? లేదని నా నిశ్చయము. అట్లే చెప్పితిని. ఆయన తల వంచుకొనెను. నేను కఠినముగా మాటలాడితినేమో అని ఆ రాత్రి బాధపడితిని కూడ.

తీర్పు చేసినది నేను కాదు, ఆ అమ్మాయి. "తమ్ముణ్ణి చూసి లేచిపోయేవాళ్ళ ఇంట్లో నన్నెలా ఉండమంటావు నాన్నా?" అనెనట. మరుసటి వారము తండ్రి కాగితములు పట్టుకొని శిబిరమునందు వరుసలో నిలిచెను.

పిల్లవాడు ఇప్పుడు రెండవ తరగతి. మాటలు కొద్దిగా వచ్చినవి. చక్రములు త్రిప్పుట మానలేదు. మానవలసిన అవసరము నాకు కనబడలేదు. మొన్న మధ్యాహ్నము నాయనమ్మ బడి గేటువద్ద నీళ్లసీసా పట్టుకొని నిలిచియుండగా, ప్రక్కనున్న యొకామె జాలిగా దగ్గరకు వచ్చి, "ఇది మీ వైపు నుంచి వచ్చిందా పిన్నిగారూ, కోడలి వైపు నుంచా?" అని అడిగెను. ముసలామె ఆమెవైపు తిరుగనైన లేదు. "వాడికి గంటంటే భయమమ్మా, కొట్టకముందే నేను లోపలుండాలి" అని చెప్పి, గేటు నెట్టుకొని లోపలికి పోయెను.