సుగ్రీవాజ్ఞయు సేవకధర్మమును

మీరరాని ఆదేశమును తెలుగువారు ‘సుగ్రీవాజ్ఞ’ అని వ్యవహరింతురు. ఇంటిలో పెద్దలు గట్టిగా ఒక మాట చెప్పినను, కార్యాలయములో పై అధికారి ఒక ఉత్తరువు జారీ చేసినను ఈ పలుకే నోటికి వచ్చును. ఆ ఆజ్ఞ ఎంత కఠినమైనదో అందరును ఎరుగుదురు. అట్టి ఆజ్ఞకు లోబడియు హనుమంతుడు మనస్సు చెదరక కార్యమును ఎట్లు సాధించెనో విచారించువారు కొందరే. నేటి ఉద్యోగికి మిక్కిలి కావలసినది ఈ విచారణయే.

ఒక కార్యాలయమున ఇరువది యేండ్ల అనుభవము గల గుమాస్తా ఒకడు ఉన్నాడనుకొందము. అతడు వ్రాసిన ప్రతి జాబును పై అధికారి మూడుమారులు దిద్దును. నేడు చేర్చుమన్న వాక్యమును రేపు తీసివేయుమనును. ఫైలు ఎచ్చటికి వచ్చినదని గంటకొకసారి అడుగును. ఇల్లు చేరిన పిదపను సెల్‌ఫోనులో అదే ప్రశ్న వినవచ్చును. గుమాస్తా చేసిన తప్పు ఏదియు లేదు. తప్పు జరుగునేమోనన్న శంకయే ఈ నిఘాకు మూలము. ఇట్లు కొన్నాళ్ళు గడచునప్పటికి అతడు తన తెలివిని తానే శంకింపసాగును. చిన్న లెక్కను కూడ ధైర్యముగా తేల్చలేకపోవును. భోజనమువేళ ఇల్లాలిపై విసుగుకొనును. పాఠము అడుగవచ్చిన పిల్లవానిని కసరును. శనివారము గుడికి వెళ్ళి స్వామి ఎదుట కన్నులు మూసికొన్నను, మనస్సులో అధికారితో వాదము సాగుచునే యుండును. అర్చకులు తీర్థము ఇయ్యవచ్చినను చేయి చాపుట మరచును. అధికారి ఆక్రమించినది కార్యాలయములోని బల్లను మాత్రమే. స్వామి సన్నిధిలోని చోటును సైతము అతనికి అప్పగించినవాడు ఈ గుమాస్తాయే. అసలైన నష్టము ఇదియే.

సుగ్రీవుని కాఠిన్యము శ్రీమద్వాల్మీకి రామాయణమున కిష్కింధాకాండలో విశదముగా కానవచ్చును. వానరసేనలను రప్పింపుమని నీలునకు చెప్పినపుడు అతడు 15 దినముల గడువు విధించి, ఆ గడువు దాటినవారికి మరణదండన తప్పదనెను. సీతాన్వేషణమునకు తూర్పుదిక్కునకు వినతుని, పడమటికి సుషేణుని, ఉత్తరమునకు శతబలిని, దక్షిణమునకు అంగదునితో హనుమంతుడు, జాంబవంతుడు మున్నగు వీరులను పంపునపుడు ఒక మాసము గడువిచ్చి, అదే శిక్షను మరల ప్రకటించెను. వెళ్ళి వెదకుడని చెప్పి ఊరకొనక, ఏ కొండలు గాలింపవలెనో, ఏ నదులు దాటవలెనో, ఎచ్చట జాగ్రత్త వహింపవలెనో ఒక్కొక్కటిగా వివరించెను. దక్షిణదిశను గూర్చి చెప్పునపుడు వింధ్యము, గోదావరి, కృష్ణవేణి, ఆంధ్ర చోళ పాండ్య కేరళ దేశములు, కావేరి, తామ్రపర్ణి అన్నియు అతని నోట వెలువడినవి. నాలుగు దిక్కులను వర్ణించుటకు నాలుగు సర్గలు పట్టినవి.

ఇంతటి పట్టుదల ఎందులకు? వర్షాకాలము గడచినంతనే సీతాన్వేషణము సాగింతునని సుగ్రీవుడు మాట ఇచ్చి, భోగములలో మునిగి కాలమును మరచెను. లక్ష్మణుడు కోపముతో కిష్కింధకు రాగా సుగ్రీవుడు భయపడెను. తార ముందుగా ఎదురేగి మృదువచనములతో లక్ష్మణుని శాంతింపజేయవలసి వచ్చెను. ఇతరులకు మాసము గడువు విధించిన సుగ్రీవుడు తాను గడువు దాటి మాటపడినవాడే. ఇక దిక్కులన్నియు నీకెట్లు తెలిసినవని శ్రీరాముడు అడుగగా, వాలి తరుముచుండగా ప్రాణభీతితో భూమియంతయు తిరిగితినని అతడు విన్నవించెను. అతడు చెప్పిన ప్రతి కొండ వెనుక ఒకనాటి పరుగు కలదు. ప్రతి నది వెనుక ఒకనాటి భయము కలదు.

ప్రతి చిన్నపనిని తానే చూడవలెనను అధికారి లోపలను తరచుగా ఇట్టి భయమే యుండును. ఎన్నడో ఒక కాగితము తప్పిపోయి అతడు పదిమందిలో మాటపడి యుండవచ్చును. అతని పైన మరియొక అధికారి కూర్చుండి గంటగంటకు లెక్క అడుగుచుండవచ్చును. ఈ సంగతి తెలిసినంత మాత్రమున అతని ప్రవర్తన సరియైనది కాజాలదు. ఐనను ఉద్యోగి మనస్సులోని ద్వేషము మాత్రము సగము తగ్గును. తనను అవమానించుటకే పుట్టినవాడుగా తోచిన మనుష్యుడు, భయపడుచున్న మనుష్యుడుగా కనబడును. భయపడువానిపై కోపమును నిలుపుకొనుట కష్టము.

దక్షిణదిశకు వెళ్ళినవారికి ఋక్షబిలములో మాసము గడచిపోయెను. బయటికి వచ్చి గడువు దాటినదని గ్రహించినంతనే అంగదుడు క్రుంగిపోయెను. తిరిగి వెళ్ళినచో సుగ్రీవుడు చంపించుననియు, అంతకంటె ప్రాయోపవేశము మేలనియు తలచి, పినతండ్రిని పలువిధముల నిందించి దర్భలపై కూర్చుండెను. అంగదుడు వీరుడే, బుద్ధిమంతుడే. కాని అతని మనస్సులో సీతాదేవి ఉండవలసిన చోట సుగ్రీవుడు వచ్చి నిలిచెను. హనుమంతునికిని గడువు దాటినది. శిక్షయు అందరికి ఒక్కటియే. ఐనను అతడు ప్రభునింద చేయక, సుగ్రీవుడు ధర్మమెరిగినవాడని అంగదునికి నచ్చజెప్ప యత్నించెను.

అట్లని హనుమంతుడు ప్రభువు చేసిన ప్రతిపనిని మెచ్చువాడు కాడు. సుగ్రీవుడు రామకార్యమును ఏమరియున్నపుడు, ఎవరును అడుగకమునుపే ఎదుటికి వెళ్ళి, కాలము మించుచున్నదని వినయముతో హెచ్చరించినవాడు అతడే. లక్ష్మణుడు ఆగ్రహించి వచ్చినపుడు, అపరాధము తమదే గావున చేతులు జోడించి ప్రసన్నుని చేసికొనుమని ప్రభువుతోనే చెప్పినవాడును అతడే. చెప్పవలసిన మాటను ఎదుట చెప్పెను, చాటున నిందింపలేదు. లోకములో పెక్కుమంది దీనికి విరుద్ధముగా వర్తింతురు. అధికారి గదిలో తలయూపి, టీ దుకాణమువద్ద అతనిని దూషింతురు. అందువలన అధికారికి శంక పెరుగును, ఉద్యోగికి బాధ తరుగదు.

హనుమంతుని నడవడినుండి ఉద్యోగి గ్రహింపదగిన విషయములు కొన్ని కలవు. పని ఎంతవరకు వచ్చినదో అడుగకమునుపే చెప్పుట మొదటిది. హనుమంతుడు లంకనుండి మరలి వచ్చి, సముద్రలంఘన విశేషములను పిదప విస్తరించుటకు నిలిపి, సీతాదర్శనమైనదను వార్తనే తోటివారికి మొదట చెప్పెను. ఉదయముననే నాలుగు పంక్తులలో, ముగిసినది, మిగిలినది, ఆటంకము, ముగియు దినము అని వ్రాసి అధికారి బల్లపై ఉంచినచో పగటి ప్రశ్నలు పెక్కు తగ్గును. నోటిమాటగా మారుచుండు ఆదేశములను వ్రాసికొని, ‘మీరు చెప్పినది ఇట్లు గ్రహించితిని’ అని చూపించుట రెండవది. దీనివలన నేటి మాటకు రేపటి మాటకు గల భేదము వాదము లేకయే తేలును. సమయమెరిగి విన్నవించుట మూడవది. నలుగురిలో ఎదిరింపక, అధికారి తీరికగా ఉన్నవేళ, ‘ఈ ఒక్క పనిని నాకు విడువుడు, శుక్రవారము పూర్తిచేసి చూపెదను’ అని కోరవలెను. ఒకటి సక్రమముగా ముగిసినచో రెండవది అడుగుటకు అర్హత కలుగును.

ఇచ్చట ఒక హద్దును గుర్తింపవలెను. అతిపరిశీలన వేరు, అధర్మము వేరు. దొంగలెక్క వ్రాయుమనుట, నిరపరాధిని ఇరికింపుమనుట, మానమర్యాదలను భంగపరచుట ఓర్చుకొనదగినవి కావు. విభీషణుడు అన్నకు హితము చెప్పెను. నిండుసభలో పరుషవాక్యములు పడి, అధర్మమున పాలుపంచుకొనలేక లంకను విడిచెను. అట్టిచోట పైవారికి విన్నవించుటయో, ఆ కొలువును విడుచుటయో దోషము కానేరదు. సహనమను పేరుతో అధర్మమునకు ఊతమిచ్చుట భక్తి కాదు.

పనిని ఎవరికి అర్పించుచున్నాడను విషయమును ఉద్యోగి నిర్ణయించుకొనవలెను. స్వకర్మతోనే ఈశ్వరుని అర్చించి మానవుడు సిద్ధిని పొందునని గీతాచార్యుడు 18వ అధ్యాయమున ఉపదేశించెను. జాబులోని అక్షరములను అధికారి చూచును; వ్రాయువాని శ్రద్ధను అంతర్యామి చూచును. మొదటి చూపునకు లోనైనవాడు రోజంతయు వణకును. రెండవ చూపును నమ్మినవాడు, అధికారి దిద్దిన కాగితమును మరల వ్రాయునపుడు కూడ పూజాపుష్పమును మార్చి మరియొకటి ఉంచినట్లు భావించును. ఫైలు విప్పుటకు ముందు ఒక్క నిముషము భగవన్నామమును స్మరించి ‘స్వామీ, ఇది నీ పని’ అని తలచుట అతనికి రక్ష. సాయంకాలము కాగితములు కట్టివేయునపుడు ఆ దినపు మాటలను కూడ అచ్చటనే వదలి, ఇంటికి ఖాళీచేతులతో వెళ్ళవలెను.

అధికారులైనవారును ఈ కథలో గ్రహింపవలసినది కలదు. సుగ్రీవుడు పర్వతములను, నదులను వివరించెను. శ్రీరాముడు తన పేరు చెక్కిన ఉంగరమును ఇచ్చెను. సముద్రపు టొడ్డున మార్గము ముగిసినపుడు, శత్రునగరమున ఒంటరియైనపుడు హనుమంతునకు ముందుగా చెప్పిపెట్టిన దారి ఏదియు లేదు. సీతాదేవికి నమ్మకము కలిగించినది ఆ ఉంగరము. వివరములు ఎంతవరకు పనిచేయునో అంతకు మించి విశ్వాసము పనిచేయును. చెప్పిన కార్యమునకు భంగము రానీయక, దానికి మించి సాధించినవాడే ఉత్తమసేవకుడని రాముడు యుద్ధకాండారంభమున హనుమంతుని కొనియాడెను. ఆజ్ఞను మించి చేయుటకు చోటు ఇయ్యని ప్రభువునకు అట్టి సేవకుడు లభింపడు.

తుదకు సుగ్రీవుడును మారినట్లు కథ చెప్పుచున్నది. కార్యసిద్ధితో మరలివచ్చిన వానరులు మధువనములో చొరబడి తేనె త్రాగి అల్లరి చేయగా, కాపరియైన దధిముఖుడు దెబ్బలు తిని సుగ్రీవుని కడకు పరుగెత్తెను. గడువు దాటినవారు, తోటను పాడుచేసినవారు! మరణదండన విధించిన ప్రభువు ఏమి చేయునో? సుగ్రీవుడు కోపింపలేదు. కార్యము సాధింపనిచో వారు ఇంతటి సాహసము చేయరని గ్రహించి, వారిని శీఘ్రముగా పంపుమనెను. దినములు లెక్కించిన కన్నులే తన వారి సంతోషమును గుర్తింపగలిగినవి.

ప్రతి అధికారియు ఇట్లు మారునను నిశ్చయము లేదు. ఫలము మానవుని చేతిలో లేదు. ఐనను మనస్సులో సీతాదేవి ఉండవలసిన చోట సుగ్రీవుని నిలుపకుండుట ఉద్యోగి చేతిలోనిదే. నియమము క్రింద నలుగుచున్న ప్రతి సేవకునకు రామదూత ఆ స్థైర్యమును ప్రసాదించుగాక!