ఆయనగారి ఏడాది

మావారికి రెండు పుట్టినరోజులు. బడి రిజిస్టరులో పంతులుగారు తోచినట్టు రాసుకున్నది జూలై 1. మా అత్తగారి లెక్క ప్రకారం మాఘమాసంలో, శివరాత్రికి వారం ముందు. “ఆనంద నామ సంవత్సరం. కల్లంలో మిరపకాయలు ఎండుతున్నాయి. నొప్పులు మొదలైతే, రాత్రికి బరకాలెవరు కప్పుతారా అని బెంగపెట్టుకున్నానే గానీ వీడి ధ్యాసే లేదు నాకు” అంటారావిడ. తల్లి మాటే నిజమనుకుంటే, 2025 ఫిబ్రవరిలో ఆయనకి యాభై నిండాయి.

హైదరాబాదు నుంచి మా అమ్మాయి ఫోను చేసింది. “ఈసారి చొక్కాతో సరిపెట్టకమ్మా. పోయిన పుట్టినరోజు నుంచి ఈ పుట్టినరోజు దాకా నాన్నకి ఏమేం జరిగాయో రాసి, అందరిముందూ చదువు. నువ్వు రచయిత్రివి కదా!” అంది.

బాగానే ఉందనుకున్నాను. లేని మనుషుల గురించి మూడువందల పేజీలు రాసేదాన్ని, ఇంట్లో ఉన్న మనిషి గురించి మూడు పేజీలు రాయలేనా?

ఇంటి ఖర్చుల డైరీ ముందేసుకుని కూర్చున్నాను. ఉగాది పంచాంగంలో మన రాశికి ఆదాయం ఇంత, వ్యయం ఇంత, రాజపూజ్యం ఇంత, అవమానం ఇంత అని ఇస్తారు చూడండి, ఆ వరసలోనే కాగితం మధ్య ఒక గీత గీశాను. అన్నట్టు, ఒక విచిత్రం గమనించారా? రాబోయే ఏడాది లెక్కలు చెవులు రిక్కించి వింటాం. ఏడాది గడిచాక పాత పంచాంగం తెరిచి, చెప్పినవాటిలో ఎన్ని జరిగాయో చూసినవాళ్ళు నాకింతవరకూ తగల్లేదు. గడిచిపోయిన ఏడాదంటే మనకంత చిన్నచూపు!

గీతకి ఎడమవైపు మంచి రాశాను. మా అమ్మ కంటి ఆపరేషనుకి మూడురోజులు సెలవు పెట్టి ఆస్పత్రిలో కూర్చున్నారు. నాకు జ్వరమొస్తే వారంరోజులు వంట చేశారు. (ఉప్పు సంగతి రాయలేదు.) ఇక కుడివైపు. ఫ్రిజ్ బాగుచేయించమంటే నాలుగునెలలు తాత్సారం చేశారు. మా పిన్ని కూతురి పెళ్ళిలో ముళ్ళమీద కూర్చున్నట్టు కూర్చుని, విస్తరి తీయగానే లేచిపోయారు. అన్నిటికన్నా పెద్దది చివర రాశాను. ఫిబ్రవరి మొదటి వారంలో విజయవాడలో నా నవల ఆవిష్కరణ. “పనిబడింది, నువ్వెళ్ళిరా” అన్నారు. వేదిక మీద నుంచి మొదటి వరసలో ఖాళీకుర్చీ చూస్తూ నేనేం మాట్లాడానో నాకే గుర్తులేదు. ఇది రాసేటప్పుడు కలం కాస్త గట్టిగానే నొక్కాను.

కుడివైపు మరీ బరువెక్కిపోయిందే అనిపించి, ఎడమవైపుకి ఇంకేమైనా దొరుకుతాయేమోనని డైరీ తిరగేస్తూ, సెప్టెంబరు పేజీ దగ్గర ఆగిపోయాను.

‘తిరుపతి ప్రయాణం ఆగింది. టికెట్ల డబ్బు సగం నష్టం.’

నా చేతిరాతే. ఎందుకాగింది ప్రయాణం? ఆయన చిన్ననాటి స్నేహితుడు పోయాడు. ఒకే బడిలో పక్కపక్కన కూర్చుని అక్షరాలు దిద్దినవాళ్ళు. ప్రత్తిపాడు దగ్గర ఇద్దరి పొలాలకీ ఒకటే గట్టు. అంత మనిషి పోతే, నా డైరీలో టికెట్ల డబ్బు కింద జమకట్టాను!

రాసిన కాగితం మళ్ళీ చదివాను. ఎడమవైపున్నది నాకు జరిగిన మంచి. కుడివైపున్నది నాకు జరిగిన లోటు. ఆయన పుట్టినరోజని కూర్చుని, నా ఏడాది నేను రాసుకున్నానన్నమాట.

బి.ఏ.లో ఉండగా తత్వశాస్త్రం క్లాసులో విన్న సంగతొకటి అప్పుడు గుర్తొచ్చింది. సెనెకా అని రోమన్ తత్వవేత్త, రెండువేల ఏళ్ళ కిందటి మనిషి. కోపం మీద రాసిన గ్రంథంలో తన అలవాటొకటి చెప్పుకున్నాడు. రాత్రి దీపం తీసేశాక, ఈయన అలవాటు తెలిసిన భార్య మాటలాపి ఊరుకుంటే, ఆ రోజంతా తను చేసినవీ అన్నవీ ఒక్కటీ దాచుకోకుండా తిరగేసి చూసుకునేవాడట. తప్పు కనబడితే, ‘ఇంకెప్పుడూ చెయ్యకు, ఈసారికి క్షమించాను’ అన్నట్టు తనకి తనే చెప్పుకునేవాడట. అప్పట్లో నాకు తత్వం తలకెక్కలేదు గానీ, ఆ చీకట్లో నోరు మెదపకుండా పడుకున్న ఇల్లాలు ఏమనుకునేదో అన్న ఆలోచన మాత్రం వదల్లేదు. ఇన్నేళ్ళకి అసలు విషయం అర్థమైంది. ఆయన తనిఖీ చేసింది తన రోజుని. భార్య రోజు జోలికి పోలేదు. ఎదుటిమనిషి ఏడాదికి సంబంధించిన పుస్తకం మన దగ్గరుండదు మరి. కావాలంటే అడిగి తెలుసుకోవాలి.

అడిగాను. ఆయన వరండాలో పరీక్ష పేపర్లు దిద్దుకుంటున్నారు.

“ఈ ఏడాది మీకేం జరిగిందండీ?”

“నీకు తెలియనిదేముంది?” తలెత్తలేదు.

“తెలియకే అడుగుతున్నా.”

చాలాసేపు ఎర్రసిరా కలానికి మూత పెట్టడం, తీయడం. తరవాత నెమ్మదిగా అన్నారు. “కాలేజీలో మాస్టారంటారు. ఊళ్ళో గారంటారు. నువ్వు మీరంటావు. అమ్మ కాక నన్ను ‘ఒరే’ అనేవాడు వాడొక్కడే. ఇప్పుడు పొలం వెళితే ఆ పిలుపు లేదు.”

నేనేమీ మాట్లాడలేదు. మాట్లాడకపోవడమే మంచిదైంది.

“నీ సభ రోజున మిర్చియార్డులో ఉన్నాను” అన్నారు మళ్ళీ. “నలభై టిక్కీలు వేశాను. మచ్చు చూసి క్వింటా పదివేలకి అడిగారు. మర్నాటికి పెరుగుతుందేమోనని రాత్రి ఆ బస్తాల మీదే పడుకున్నా. తెల్లారి ఇంకో అయిదొందలు తగ్గింది. కోతకూలీలకి డబ్బివ్వాలి కదా, ఇచ్చేశాను. నీకు చెబితే సభలో నీ మొహం వాడిపోతుందని చెప్పలేదు.”

2023లో క్వింటా 20,000 దాటి పలికిన కాయ. ఆ ఫిబ్రవరి నెలాఖరుకి కేంద్ర ప్రభుత్వం 11,781 రూపాయల ధర ప్రకటించింది గానీ, మా కాయ అప్పటికే గోడౌను చేరిపోయింది. గుంటూరు మిర్చియార్డు ఆసియాలోకెల్లా పెద్దదని ఊరి నుంచి చుట్టాలొస్తే గొప్పగా చెబుతాం. గాలి అటునుంచి వీస్తే మా వీధంతా తుమ్ములు. ఘాటు ఇంటిదాకా వచ్చింది గానీ, కబురు మాత్రం రాలేదు.

‘చెప్పలేదు’ అన్నమాట వినగానే నాకు గుండె ఝల్లుమంది. దానికి కారణముంది. మా పుట్టిల్లు పర్చూరు వైపు. అప్పుడది ప్రకాశం జిల్లా. 1987లో పత్తికి తెల్లదోమ పట్టింది. ఎన్ని మందులు కొట్టినా లొంగలేదు. అప్పుల్లో మునిగి గుంటూరు, ప్రకాశం జిల్లాల్లో ఎందరో రైతులు ప్రాణాలు తీసుకున్నారు. నాకప్పుడు తొమ్మిదేళ్ళు. మా నాన్న మాట్లాడటం మానేశారు. ఒక సాయంత్రం మా అమ్మ, కొట్టంలో ఉన్న పురుగుమందు డబ్బాలు చెంగుచాటున పెట్టుకుని పక్కింటికి చేరవేయడం చూశాను. ఆ రాత్రి నుంచి రోజూ ఆయన మంచం పక్కన కూర్చుని, “ఏం జరిగిందో మొదట్నించీ చెప్పండి” అని అడిగేది. చెప్పిందే చెప్పినా వినేది. అమ్మకి వేరే పని లేదా అనుకునేదాన్ని. మా నాన్న డెబ్బై ఆరేళ్ళు బతికారు.

అభిమానం ఉన్నచోట లెక్కలేమిటి అంటారు కొందరు. నేనొప్పుకోను. లెక్క రాయనివాళ్ళు అప్పులతోపాటు అందుకున్న మంచిని కూడా మర్చిపోతారు. లెక్క ఉండాల్సిందే. కాకపోతే నా తప్పుల లెక్క నేను రాసుకోవాలి. ఆయన కష్టం లెక్క ఆయన్ని అడిగి రాసుకోవాలి.

మరి ఆ ఖాళీకుర్చీ మాటేమిటంటారా? మర్చిపోలేదు. మర్నాడు డాబా మీద మా అత్తగారు ఏడాది కారానికి కాయలు ఏరుతున్నారు. తెల్లబారిన తాలుకాయలు నేను పారబోయబోతే చెయ్యి పట్టుకుని ఆపారు. “తాలుకీ ఓ ధర ఉందే అమ్మాయ్. మంచికాయలో కలిపితే బస్తా మొత్తం ధర పోతుంది. పారేస్తే దాని ధర పోతుంది. వేరే కట్టు” అన్నారు. యార్డులో జరిగేదీ అదే. ఎర్రకాయ ధర ఎర్రకాయది, తాలు ధర తాలుది.

నా ఫిర్యాదునీ అలాగే వేరే సంచిలో కట్టాను. పండగ రోజున విప్పలేదు. రెండురోజులాగి చెప్పాను. “ఫోనైనా చేయాల్సింది. నా మొహం వాడిపోతుందని దాచారు సరే. కానీ నన్ను మీ కష్టం గుమ్మం బయట నిలబెట్టారు.” ఆయన వాదించలేదు. “అవును” అన్నారు. ఇరవైమూడేళ్ళ కాపురంలో ఇంత త్వరగా తేలిన తగాదా ఇంకొకటి లేదు.

పుట్టినరోజున గారెలు, పులిహోర, సేమ్యా పాయసం చేశాను. “ప్రసంగమేదమ్మా?” అంది అమ్మాయి. “నాన్ననే అడగండి” అన్నాను. మా అబ్బాయి అడిగాడు, “నాన్నా, చిన్నప్పుడు మీరిద్దరూ ఏంచేసేవాళ్ళు?” ఇద్దరంటే ఎవరో చెప్పనక్కర్లేకపోయింది. పత్తి బోరెం మీద పడుకుని చుక్కలు లెక్కపెట్టడం, ఒక సైకిలుకి ఇద్దరూ వంతులేసుకుని తొక్కడం, ఇద్దరికీ కలిపి ఒక్కసారే పడ్డ దెబ్బలు – గంటసేపు చెప్పారు. పాయసం చల్లారిపోయింది. ఆ స్నేహితుడు పోయాక ఆయన అతని గురించి అంతసేపు మాట్లాడటం అదే మొదటిసారి.

మీవారి పుట్టినరోజుకి చొక్కా కొనండి, వద్దనను. ముందు ఆ ఒక్కమాట అడిగి చూడండి. జవాబు వెంటనే రాకపోవచ్చు. కలం మూత నాలుగుసార్లు తీసి పెట్టేదాకా ఆగండి.

ఆగస్టులో నా పుట్టినరోజొచ్చింది. బాకీ తీర్చుకోవాలనుకున్నారు కాబోలు, రాత్రి పడుకోబోయేముందు ఆయనే అడిగారు, “ఈ ఏడాది నీకేం జరిగిందోయ్?” అని. నేను గొంతు సవరించుకుని మొదట్నించీ మొదలుపెట్టాను. సెప్టెంబరు బాగానే విన్నారు. అక్టోబరులో ఊఁ కొట్టారు. నవంబరుకి వచ్చేసరికి గుర్రు వినబడింది. అయినా సరే, సెనెకాగారి భార్యకన్నా నేనే నయం. చీకట్లో మాట్లాడుతూనే ఉన్నాను.