ధూమపానము – శరణధర్మము

గత సంవత్సరము మా ఊరి బసవజయంతి సభలో ఒక యువకుడు లేచి ఇట్లడిగెను. "అయ్యవారూ! మద్యము కూడదు, మాంసము కూడదు అని పెద్దలు చెప్పిరి. సిగరెట్టు త్రాగరాదని ఏ వచనములో ఉన్నది?" సభలో కొందరు నవ్విరి. నాకు నవ్వు రాలేదు. ఇరువదియేండ్లు ఆ మాటనే సాకుగా నాకు నేను చెప్పుకొన్నవాడను. ప్రాతఃకాలమున లింగపూజ ముగించి, నుదుటి విభూతి ఆరకమునుపే పెరటిలోనికి పోయి బీడీ వెలిగించెడివాడను.

ఏ వచనమునందును లేదనుట నిజమే. బసవేశ్వరుడు 12వ శతాబ్దివాడు. పొగాకు అమెరికా ఖండపు మొక్క. పోర్చుగీసువారి వలన మన దేశమునకు వచ్చినది. కల్యాణమున ఎవరును కని విని ఎరుగని వస్తువును శరణులెట్లు నిషేధింతురు? పామును ముట్టవద్దని తల్లి చెప్పినది గాని తేలును గూర్చి చెప్పలేదు గదా యని దానిని పట్టుకొన్న బాలుని తర్కము మనది.

శరణులు దేహమునే దేవాలయముగా భావించిరి. కాయకము చేయుటకును, దాసోహము నడుపుటకును అదియే సాధనము. మనము ధరించు లింగకాయ రొమ్మున నుండును. దాని వెనుకనే ఊపిరితిత్తులు. అచ్చట జరుగు సేవ ఎట్టిదో తెలిసికొన్నవాడు పొగను లోనికి పంపుటకు వెనుదీయును.

శ్వాసనాళముల లోపొరపై కంటికి కానరాని సన్నని రోమములు కలవు. అవి రేయింబవళ్లు అల్లలాడుచు దుమ్మును, క్రిములను కఫముతో కూడ గొంతువైపునకు త్రోయుచుండును. పొగ వానిని మొదట స్తంభింపజేసి, పిదప నశింపజేయును. ఊడ్చువారు లేని ఇల్లు వలె లోపల కఫము పేరుకొనును. పొగత్రాగువాని వేకువ దగ్గు అదియే. ఇంకను లోపల, గాలి గదులలో, క్రిములను మ్రింగు భక్షకకణములు కావలి యుండును. పొగ వలన వాని సంఖ్య పెరుగునే గాని మ్రింగు శక్తి తగ్గును. కావుననే క్షయయు, న్యుమోనియాయు ఇట్టివారిని సులభముగా పట్టుకొనును. అంతకంటె విపరీతమొకటి కలదు. శత్రువును చంపుటకై తెల్లకణములు విడుచు రసము, ఎడతెగని ఈ మంటలో మన గాలి గదుల గోడలనే కొరికివేయును. చిన్నగదులు కలసి పెద్ద డొల్లలగును. వైద్యులు దీనిని ఎంఫిసీమా అందురు. కూలిన ఆ గోడలు మరల లేవవు.

2024లో పారిస్ నగరపు పాశ్చర్ సంస్థ శాస్త్రజ్ఞులు 1000 మంది ఆరోగ్యవంతుల రక్తమును పరీక్షించి ప్రకటించిన సంగతి చదివి నేను కొంతసేపు ఊరకుంటిని. పొగ మానినవారిలో శరీరపు తొలి రక్షణ త్వరలోనే చక్కబడుచున్నదట. శత్రువును గుర్తుంచుకొని పోరాడు రెండవ రక్షణ మాత్రము, మానిన ఏండ్లకు గూడ ఆ పొగ ముద్రను మోయుచున్నదట.

"నా దేహము, నా ఇష్టము" అనువారు కలరు. ఆ ఇంటి పసివారి ఉబ్బసము ఎవరి ఇష్టము? ఆయాసముతో మంచమెక్కినవాని కాయకమును అతని భార్య మోయుచుండగా, అది అతని సొంత వ్యవహారమెట్లగును? ఒక్క విషయము మాత్రము చెప్పవలెను. నిజామాబాదు ప్రాంతమున బీడీలు చుట్టి పిల్లలను పెంచుకొను తల్లుల కాయకమును నిందించుటకు నాకు నోరు రాదు. కొని కాల్చినవాడను నేను.

ఆనాడు సభలో, "వచనములో లేదు నాయనా, నీ రొమ్ములో ఉన్నది" అని మాత్రమంటిని. సభ ముగిసిన పిదప అతడు నాయొద్దకు వచ్చి, ఎన్నవ ఏట మానితిరని అడిగెను. నలుబదితొమ్మిదవ ఏట అంటిని. బ్రిటిషు వైద్యులను 1951 మొదలు 50 ఏండ్లు పరిశీలించి 2004లో ప్రకటించిన లెక్క అతనికి చెప్పితిని: పొగ విడువనివాడు సగటున 10 ఏండ్ల ఆయువు పోగొట్టుకొనును, 50వ ఏట మానినవానికి అందులో 6 ఏండ్లు దక్కును, 30వ ఏట మానినవానికి దాదాపు అన్నియు దక్కును. అతడు వ్రేళ్లపై ఏదో లెక్కించుకొని, తనకు ఇరువదియేడు నిండినవనెను.