పొగ ఎవరి పద్దు?



2022 జూన్ 3న, మళ్ళీ ఆగస్టు 2న అచ్యుతాపురం ప్రత్యేక ఆర్థిక మండలిలోని ఒక దుస్తుల కర్మాగారంలో విషవాయువు వ్యాపించింది. రెండుసార్లూ వందమందికి పైగా మహిళా కార్మికులు అస్వస్థులయ్యారు. ఈ వాయువు ఎక్కడిది, బాధ్యులెవరు అని అందరూ అడిగారు. అడగడం న్యాయమే.

అయితే వాసన లేని మరో వాయువు అక్కడినుంచి రోజూ గాలిలో కలుస్తోంది. అది బొగ్గుపులుసు వాయువు. దాని సంగతి ఎవరూ అడగరు. అది మనల్ని అప్పటికప్పుడు పడగొట్టదు. భూమి వేడిని పట్టి ఉంచుతుంది. సముద్రం వేడెక్కితే తుఫానులు మరింత బలపడతాయని శాస్త్రజ్ఞులు చెబుతున్నారు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్‌ను చూసిన మనకు తుఫాను బలమేమిటో వేరే చెప్పనక్కరలేదు.

మరి ఈ పొగను ఎవరి పద్దులో రాయాలి?

కంపెనీలు ఈ లెక్కను మూడు పద్దులుగా రాస్తాయి. తమ బాయిలర్లలో, వాహనాలలో కాల్చిన ఇంధనం మొదటిది. తాము కొన్న కరెంటు కోసం వేరేచోట కాలిన బొగ్గు రెండవది; పరవాడలోని సింహాద్రి విద్యుత్ కేంద్రంలో మండేది అలాంటి బొగ్గే. ముడిసరుకు, ఇతరుల చేత చేయించిన పని, రవాణా, చివరకు కొన్నవారి ఇంట్లో వాడకం మూడవది. సబ్బులు, షాంపూలు, బట్టలు అమ్మే కంపెనీలకు సాధారణంగా ఈ మూడవ పద్దే అన్నిటికంటే పెద్దది. మన దేశంలో స్టాక్ మార్కెట్‌లోని వెయ్యి పెద్ద కంపెనీలు 2022-23 నుంచి నివేదిక ఇవ్వాలని సెబీ ఆదేశించింది. అందులో మొదటి రెండు పద్దులు తప్పనిసరి చేసి, మూడవదాన్ని కంపెనీల ఇష్టానికి వదిలింది.

అచ్యుతాపురంలో కుట్టిన బట్టలు విదేశీ దుకాణాలకు వెళతాయి. పొగ కుట్టినవారిదని అమ్మేవారు అనవచ్చు. ఆర్డరు ఇచ్చినవారిదని కుట్టించేవారు అనవచ్చు. "నేను కొన్నది ఒక్క చొక్కాయే కదా!" అని కొన్నవారు అనవచ్చు. పిలాతు చేతులు కడుక్కున్న పళ్ళెం ఇలా ఒకరి చేతినుంచి మరొకరి చేతికి మారుతోంది.

సువిశేషంలోని జక్కయ్యను గుర్తుచేసుకుందాం. "పన్ను రోమా ప్రభుత్వానిది, నేను వసూలు చేసేవాడిని మాత్రమే" అని అతడు తప్పించుకోవచ్చు. కాని ప్రభువు తన ఇంటికి వచ్చిన రోజున తన లెక్క తానే తీశాడు. ఆస్తిలో సగం పేదలకిస్తానన్నాడు. అన్యాయంగా తీసుకున్నదానికి నాలుగంతలు తిరిగి ఇస్తానన్నాడు. రోమా చక్రవర్తి లెక్క తేలేవరకు ఆగలేదు.

అంతమాత్రాన అందరి బాధ్యతా సమానం కాదు. ఎవరికి ఎంత తెలుసు, ఎంత స్వేచ్ఛ ఉంది అన్నదాన్నిబట్టే బాధ్యత ఉంటుందని శ్రీసభ బోధిస్తుంది. ధర, గడువు, ఇంధనం నిర్ణయించగలిగినవారిది పెద్ద వాటా. తెల్లవారకముందే బస్సెక్కి వచ్చి, పిల్లల ఫీజుల కోసం మిషను కుట్టే సోదరిపై ఆ భారం మోపడం అన్యాయం. పొగ తగ్గించే ఖర్చును ఆమె జీతంలోంచి కోయడం మరింత అన్యాయం. "పొగ గురించి మాట్లాడితే ఉద్యోగాలు పోతాయి" అని ఆమె పేరు అడ్డుపెట్టుకోవడం కూడా న్యాయం కాదు. ఎండ ముదిరితే ముందుగా సొమ్మసిల్లేది ఆమె లాంటివారే.

మరి మన వాటా? కొనడం కేవలం బేరం కాదు, అది నైతిక కార్యం కూడా అని 16వ బెనెడిక్ట్ పోపుగారు 2009లో బోధించారు. ఫ్రాన్సిస్ పోపుగారు 2015లో తమ 'లౌదాతో సీ' విశ్వలేఖలో ఆ మాటే గుర్తుచేశారు. పండుగకు బట్టలు కొనేముందు బీరువా తెరిచి చూద్దాం. ఉన్నవాటిని బాగుచేసుకుని వాడుకుందాం. మనలో కంపెనీ ఆఫీసుల్లో పనిచేసేవారు, వాటాలున్నవారు ఆ మూడవ పద్దు ఎక్కడుందని ధైర్యంగా అడుగుదాం. పాపసంకీర్తనానికి ముందు చేసే ఆత్మశోధనలో మన ఇంటి ఖర్చుల పుస్తకాన్ని కూడా ప్రభువు ముందు తెరిచి ఉంచుదాం.