వేరు పిలుపును ముందుగా వినువారెవరు?

ధ్యాన భాగము: 2 రాజులు 4:1–7



కర్ణాటక, మహారాష్ట్ర జొన్నచేలలో మొలచు జొన్నమల్లెను మనలో అనేకులము ఎరుగుదుము. చిన్న తెల్లని పూలతో అది చూపునకు అందముగానే యుండును. అయితే తన వేళ్లతో తాను బ్రదుకలేదు. జొన్న వేరులోనికి చొచ్చుకొనిపోయి నీటిని, సారమును పీల్చుకొనును. పైకి కనబడుటకు ముందే కొన్ని వారములు నేలలో దాగి తన పని చేయును. రైతు దానిని చూచునాటికి పైరుకు నష్టము జరిగియే యుండును.

దాని విత్తనము ధూళివంటిది. ఒక్క మొక్క వేలకొలది విత్తనములు రాల్చును. అవి పది సంవత్సరములకు పైగా నేలలో నిద్రించగలవు. వాటిని లేపునది జొన్న వేరు నుండి ఊరు ఒక పదార్థమే! అట్టి పదార్థమును 1966లో శాస్త్రజ్ఞులు ప్రత్తి వేళ్ల నుండి వేరుచేసిరి. తనకే కీడు తెచ్చు దానిని మొక్క ఎందుకు విడుచును? జవాబు 2005లో తెలిసినది. నేలలో భాస్వరము కొరవడినప్పుడు, దానిని తెచ్చి అందించు మేలైన శిలీంధ్రమును వేరు ఆ విధముగా పిలుచుచున్నది. స్నేహితుని కొరకైన ఆ పిలుపును దొంగ వినుచున్నాడు.

ప్రియులారా, పిలుచుట వేరు తప్పు కాదు. ప్రవక్త శిష్యుని భార్య విధవరాలై మొరపెట్టినప్పుడు, అప్పులవాడు ఆమె ఇద్దరు కుమారులను దాసులుగా కొనిపోవుటకు అప్పటికే వచ్చియున్నాడు. నేడును పని కొరకు కొత్త ఊరు చేరిన కుటుంబములో బిడ్డకు జబ్బు చేసిన దినమున, వారి మొర ముందుగా ఎవరికి చేరుచున్నది? వారవడ్డీకిచ్చువాడు గుమ్మములో నిలిచిన తరువాత ఆదివారమున మనము ప్రార్థన మనవి చదివిన చాలునా? పైకి నవ్వుచున్న ఇంటిలో వేరు ఎండిపోవుచుండవచ్చును.

తెలిసిన రైతు మూడు పనులు చేయును. నేలకు ఎరువు వేసి బలపరచును. కలుపును పూతకు ముందే పెరికివేయును. జొన్న వేసిన చేనిలో మరు సంవత్సరము ప్రత్తి వేయును. ప్రత్తి వేరు పిలుపునకు ఆ విత్తనములు మేల్కొనును గాని, దాని మీద వాటికి పట్టు చిక్కదు. కొద్ది దినములలోనే చచ్చును. సంఘము ముందుగా చేరిన ఇంటిలో అప్పులవానికిని అట్లే పట్టు దొరకదు.

ఎలీషా ఆ తల్లిని పొరుగువారి వట్టి పాత్రలు అడుగుమనెను. ఇచ్చిన పాత్రలన్నియు నిండెను, అప్పు తీరెను, మిగిలినదానితో వారు బ్రదికిరి. పిడికెడు బియ్యము కానుక మన సంఘములకు కొత్త కాదు. అదే రీతిగా ప్రతి సంఘమును వడ్డీలేని సహాయ నిధి ఉంచవలెను. కొత్తగా వచ్చిన కుటుంబమును మొదటి వారములోనే స్త్రీల సమాజము దర్శింపవలెను. అక్కరను సిగ్గు లేకుండ చెప్పుకొను చోటుగా మన కూటములుండవలెను.

మన మొరను ముందుగా ఆలకించి, మన ఋణపత్రమును సిలువకు కొట్టిన ప్రభువు (కొలొస్స. 2:14), పొరుగువాని పిలుపును వెంటనే వినగల చెవులను మనకు దయచేయును గాక. ఆమేన్.